కొండమ్మగారి ముందు సీటు

నా బావమరిది అనీస్ హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చిన రోజు సఫూరా రెండు కోళ్ళు కోయించింది. మా పెళ్ళయి అప్పటికి పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో నా ఒక్కడి కోసం కోడిని కోయించిన రోజు నాకు గుర్తు లేదు. తమ్ముడొచ్చాడని రెండు. అందులో ఒకటి నాటుకోడి. రెండువేల ఎనిమిది మార్చి నెల అది. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. గుంటూరు యార్డుకి పోయే మిరప లారీల ఘాటుకి బైపాసు పొడవునా జనం తుమ్ముతున్నారు. నా కళ్ళ మంటకి ఆ ఘాటే కారణమని నాకు నేను చెప్పుకున్నాను.

చిలకలూరిపేటలో లారీ బాడీలు కట్టే షెడ్ల వరసలో చివరిది నాది, సుభానీ కుషన్ వర్క్స్. మా నాన్న ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నేను ఆ విద్యనే కార్లలోకి తెచ్చాను. సీట్లు, తలుపుల లోపలి తొడుగులు, ఎండకి పగిలిన డాష్‌బోర్డులు, ఏది తెచ్చినా రెక్సిన్ వేసి కొత్తదిలా చేసి ఇస్తాను. ఒంగోలు నుంచి గుంటూరు దాకా ఈ పనిలో నన్ను మించినవాడు లేడని నా అభిప్రాయం. ఇంకెవరూ అలా అనగా నేను వినలేదు, అది వేరే సంగతి.

అనీస్ హైదరాబాదులో ఒక కార్ల షోరూంలో ఆరేళ్ళు పని చేసి, ఇక సొంతంగా పెట్టుకుంటానని వచ్చాడు. నా షెడ్డులో సగం వాడికి ఇమ్మని సఫూరా అడిగింది. అడిగింది అని మర్యాదకి అంటున్నాను గానీ, వాడికి ఇచ్చేసిన తర్వాతే నాకు చెప్పింది.

వాడి దగ్గర స్కానర్ అని ఒక నల్ల పెట్టె ఉంది. దాని వైరు స్టీరింగు కింద ఎక్కడో తగిలిస్తే కారుకి ఉన్న జబ్బు అక్షరాల్లో పడుతుంది. నెల తిరక్కుండా నరసరావుపేట నుంచి, అద్దంకి నుంచి కార్లు వచ్చి మా షెడ్డు ముందు ఆగడం మొదలైంది. అద్దం దించి నన్నే అడిగేవాళ్ళు, "అనీస్‌గారు ఉన్నారా?" అని. గారు! ఇరవై ఏళ్ళ నుంచి అదే చోట కూర్చున్న నన్ను "ఏయ్ సుభానీ" అనేవాళ్ళే, పాతికేళ్ళవాణ్ణి గారు అంటున్నారు.

ఇంట్లో అంతకన్నా ఘోరం. వాడు మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుని అన్నానికి కూర్చుంటే సఫూరా నా వంక చూసేది. "నువ్వూ ఉన్నావు, ఒళ్ళంతా దూది పీచు వేసుకుని కంచం ముందుకొస్తావు." వాడిలో ఒక్క వంక దొరికినా నాకు అంత కడుపుమంట ఉండేది కాదు. తాగడు, సిగరెట్టు ముట్టడు, పెద్ద మాట అనడు. పెద్ద ముక్క తన కంచంలో పడితే తీసి నా కంచంలో వేసేవాడు. "నువ్వు తిను బావా." ఆ ముక్క నాకు గొంతు దిగేది కాదు.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున నతానియేలు మాస్టారు ఒక తెల్ల కార్లో వచ్చారు. మా ఊరి మిషన్ బడిలో నాకు అయిదో తరగతి చెప్పింది ఆయనే. రిటైరయ్యాక డ్రైవింగు నేర్చుకుని, హైదరాబాదులో ఎవరో ఏజెంటు దగ్గర ఆ పాత కారు కొన్నారు. ఆయన వెనకాలే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఆయన భార్య కొండమ్మగారు దిగారు. సొంత కారు ముందు పోతుంటే ఆవిడ వెనకాల ఆటోలో వచ్చారన్నమాట.

అలా ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట వాళ్ళ అబ్బాయి ఇమ్మానియేలు జీపులో ముందు సీట్లో కూర్చుని వస్తూ మార్టూరు దగ్గర లారీ గుద్ది పోయాడు. అప్పటి నుంచి ఆవిడ కారూ జీపూ ఎక్కలేదు. వెనక సీట్లో కూర్చుంటే ఆవిడకి వాంతులు. ముందు సీటంటే కొడుకు గుర్తొస్తాడు. ఇప్పుడేమో కూతురు మహిమకి సింగరాయకొండ అత్తారింట్లో ఎనిమిదో నెల నిండబోతోంది. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. పుట్టింటికి తేవడానికి లేదు, తల్లే అక్కడికి పోవాలి, పరీక్షలకి ఒంగోలు ఆసుపత్రికి తిప్పాలి. గుద్దుకున్నా మనిషిని కాపాడే గాలి సంచులు ఉన్నాయని చెప్పి, అతి కష్టం మీద ఆవిణ్ణి ఒప్పించి మాస్టారు ఆ కారు కొన్నారు. తీరా కొన్నాక మీటర్లో ఎర్రలైటు ఆరడం లేదు. అది వెలుగుతుంటే సంచి పని చెయ్యదని చర్చిలో ఎవరో డ్రైవరు ఆవిడకి చెప్పాడు.

"ఒరేయ్ సుభానీ, మీ బావమరిది ఉన్నాడా?" అన్నారు మాస్టారు.

అనీస్ స్కానర్ తగిలించి చూశాడు. తర్వాత ఎడమ సీటు ముందు డాష్‌బోర్డు మూత తీశాడు. లోపల కమిలిపోయిన గుడ్డ ఒకటి ఉండచుట్టి ఉంది.

"ఇది ఇంతకుముందే గుద్దుకున్న బండి మాస్టారూ. సంచులు రెండూ అప్పుడే పేలిపోయాయి. స్టీరింగులోది కొత్తది వేశారు. ఇక్కడ మాత్రం చిరిగిన గుడ్డని లోపల కుక్కి, మూత పెట్టి అమ్మేశారు."

"బాగు చెయ్యగలవా నాయనా?" కొండమ్మగారు నీడలోంచే అడిగారు.

"బాగు చేసేది కాదమ్మా, కొత్తది వెయ్యాలి. దాన్ని పేల్చే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, అదీ మార్చాలి. చెన్నైలో దొరుకుతాయి. తెప్పిస్తే నెల పడుతుంది. నేనే వెళ్ళి, దొరికేదాకా ఉండి తెస్తే వారం పది రోజులు. అందాకా ఆ సీట్లో కూర్చోవద్దు."

ఆవిడ దగ్గరికొచ్చి, వాడి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నా కుట్టుమిషను ముందే, నేను చూస్తుండగానే. ఆవిడ ఇంట్లో ఉన్న పరుపులన్నీ మా నాన్న కుట్టినవి, దిండ్లన్నీ నేను కుట్టినవి. నా తల మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

అనీస్ ఆ రాత్రి రైలుకే వెళ్ళాడు. మూడో రోజు మాస్టారు మళ్ళీ వచ్చారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నారు.

"మహిమకి బీపీ పెరిగిందిరా. రేపే రమ్మంటున్నారు. బస్సులో వెళ్తాం సరే, అక్కడ రోజు విడిచి రోజు ఒంగోలు తీసుకెళ్ళాలంటే కారు ఉండాలి కదా. ఈవిడేమో లైటు ఆరితే గానీ ఎక్కనంటుంది. అనీస్ ఎప్పుడొస్తాడు?"

"ఇంకో వారం పట్టొచ్చు మాస్టారూ."

ఆయన ముఖం మాడిపోయింది. అప్పుడు నేను అనేశాను, "దీనికి అనీస్ దాకా ఎందుకు, నేను చేస్తాను."

ఆ మాట ఎందుకన్నానో నాకు అప్పుడే తెలుసు. వాడు పది రోజులన్న పని నేను ఒక్క రోజులో చేశానని నలుగురూ అనుకోవాలి. సఫూరా చెవిన పడాలి. కొండమ్మగారి చెయ్యి ఒక్కసారి నా తల మీద పడాలి. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. చెయ్యలేని పనిని చేస్తానంటున్నానని మాత్రం నాకు అనిపించలేదు. గుద్దుకున్నప్పుడు తల కొట్టుకోకుండా మెత్తగా ఉండాలి, అంతేగా! మెత్తదనం సంగతి దూదేకులవాడికి తెలియనిది ఏముంటుంది? గాలి సంచి అనేది కంపెనీవాళ్ళు పెట్టే ఒక దిండు అనుకున్నాను. గాలి కంటే పత్తి నయమనుకున్నాను.

మూత తీసి ఆ కమిలిన గుడ్డ అవతల పారేశాను. మంచి పత్తి తెప్పించి, గోడకి తగిలించి ఉన్న నాన్న దూదేకే విల్లు దించి నా చేతులతో ఏకాను. ఎక్కడా ఉండ లేకుండా పొరలు పొరలుగా ఆ గూడు నిండా పరిచాను. పైన పల్చటి రెక్సిన్ సాగదీసి, కుట్టు కనపడకుండా కుట్టాను. అంత మంచి పని నేను అంతకుముందు చెయ్యలేదు. దాని మీద చెంప ఆనించి చూసుకున్నాను కూడా.

లైటు సంగతి మాత్రం వేరు. పత్తి నింపాక కూడా అది వెలుగుతూనే ఉంది. మీటరు విప్పి, గోరంత నల్ల రెక్సిన్ ముక్క కోసి, ఆ లైటు ముందు అంటించాను. అది తప్పని నాకు తెలుసు. తెలిసే చేశాను.

సాయంత్రం కొండమ్మగారు వచ్చారు. తాళం తిప్పి మీటరు చూపించాను. ఎర్రలైటు లేదు. ఆవిడ చేత్తో డాష్‌బోర్డు నొక్కి చూశారు.

"ఇదేనా సుభానీ? ఎంత మెత్తగా ఉందో!"

"మీ కోసం ప్రత్యేకంగా చేశానమ్మగారూ."

ఆవిడ మెల్లిగా ముందు సీట్లో కూర్చున్నారు. మాస్టారు బెల్టు లాగి పెట్టబోతే, "మెడ దగ్గర ఒత్తుతుందండీ, ఊపిరాడదు" అన్నారు. పెట్టుకోవాలా అన్నట్టు నా వంక చూశారు.

"సంచి ఉందిగా అమ్మగారూ, బెల్టు లేకపోయినా పర్లేదు" అన్నాను నేను.

వెళ్ళేముందు ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి నా తల మీద పెట్టారు. "అనీస్ అన్ని రోజులన్నాడు, నువ్వు ఒక్క రోజులో చేసిపెట్టావు. రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటాను" అన్నారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికెళ్ళి సఫూరాకి ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పాను. "నిజంగానా? అయితే నువ్వూ సామాన్యుడివి కాదయ్యా" అంది. ఆ పూట పెద్ద ముక్క తనే వెతికి నా కంచంలో వేసింది. నేను చప్పరించి చప్పరించి తిన్నాను.

అనీస్ మరో వారానికి వచ్చాడు, ఒక చేతిలో అట్టపెట్టె, ఇంకో చేతిలో గోనెసంచి. స్నానం కూడా చెయ్యకుండా షెడ్డుకొచ్చాడు. "మాస్టారికి కబురు పెట్టావా బావా? దొరికింది!"

"ఆ పని నేను ఎప్పుడో చేసేశాను. వాళ్ళు సింగరాయకొండలో ఉన్నారు" అన్నాను. ఎంత నిర్లక్ష్యంగా అనాలో ముందే అనుకుని పెట్టుకున్నాను.

"ఏం చేశావు?"

చెప్పాను. పత్తి గురించి ఎక్కువ చెప్పాను, లైటు గురించి తక్కువ చెప్పాను. వాడు ముందు నవ్వాడు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. తర్వాత వాడి ముఖంలో నవ్వు పోయింది.

"బెల్టు అన్నా పెట్టుకోమన్నావా బావా?"

నేను దారపు ఉండ తీసి చుట్టడం మొదలుపెట్టాను.

వాడు గోనెసంచిలోంచి, లోపల గాలి సంచి పేలకుండా మిగిలిన పాత స్టీరింగు ఒకటి తీశాడు. నేర్చుకోవడానికని పాత సామాన్ల బజార్లో కొన్నాడట. దాన్ని షెడ్డు బయట ఖాళీ జాగాలో ఒక టైరుకి గట్టిగా బిగించి కట్టాడు. దాని మీద పెట్టడానికి నా దగ్గర్నుంచి ఒక దూది దిండు తీసుకున్నాడు. అందర్నీ దూరంగా జరగమని, పొడుగు వైర్లు లాగి, బ్యాటరీకి తగిలించాడు.

తుపాకి పేలినట్టు చప్పుడయింది. నేను కన్ను ఆర్పానో లేదో తెలియదు. చూసేసరికి తెల్లటి సంచి బుస్సుమని ఉబ్బి, అప్పుడే గాలి పోయి కిందికి వాలుతోంది. నా దిండు షెడ్డు రేకుల మీద పడి ఉంది.

"ఇది దిండు కాదు బావా" అన్నాడు అనీస్. వాడి గొంతులో కోపం లేదు, అదే నాకు మండింది. "అప్పటిదాకా అక్కడ ఏమీ ఉండదు. మనిషి తల ముందుకి వచ్చేలోపల ఇది ఇంత అవుతుంది. నువ్వు పెట్టిన పత్తిని ఆవిడ తల నొక్కేస్తే, దాని వెనక ఉన్నది ఇనుమే కదా."

చప్పుడుకి చుట్టుపక్కల షెడ్లవాళ్ళంతా చేరి వాడి చుట్టూ మూగారు. ఇంకోసారి పేల్చమని అడిగారు. ఆ క్షణంలో కూడా, కొండమ్మగారు అక్కడ బెల్టు లేకుండా తిరుగుతున్నారని తెలిసిన ఆ క్షణంలో కూడా, జనం వాడి చుట్టూ ఉన్నారే అని నాకు కుళ్ళుగానే ఉంది. అబద్ధం చెప్పి ఏం లాభం.

మాస్టారి సెల్లుకి ఫోన్ చేశాను. కొండమ్మగారు ఎత్తారు.

"సుభానీ! నువ్వేనా? ఇప్పుడే అనుకుంటున్నాం. నెలలు నిండకుండానే మహిమకి పొద్దున ఆడపిల్ల పుట్టింది. చిన్నదే గానీ గట్టిపిండం. రాత్రి నొప్పులొస్తే ఒంగోలుకి అరగంటలో తీసుకెళ్ళిపోయారు మాస్టారు, నేను ముందే కూర్చున్నాను, ఒక్క పిసరు భయం వెయ్యలేదు. అంతా దేవుడి దయ, నీ చేతి చలవ."

"సంతోషం అమ్మగారూ" అని పెట్టేశాను.

సఫూరా అన్నం క్యారియరు తెచ్చి అక్కడే నిలబడి ఉంది. అనీస్ చెప్పలేదు గానీ, పక్క షెడ్లవాళ్ళ మాటల్లోనే ఆమెకి అంతా అర్థమైంది. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

"నా తమ్ముడి మీద నెగ్గాలనుకున్నావు, నెగ్గావు. మధ్యలో ఆవిడ నిన్నేం చేసిందయ్యా?"

క్యారియరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

"నన్ను చెప్పమంటావా బావా?" అన్నాడు అనీస్. "ఏదో ఒకటి చెప్తాను, నీ పేరు రాకుండా."

అది కూడా వాడే చేస్తాడట! నా తప్పుని కప్పే మంచితనం కూడా వాడికే కావాలి. "అక్కర్లేదు, నేనే చెప్తాను. ముఖం చూసి చెప్తాను. అందాకా కారు కదపొద్దని మాత్రం మాస్టారికి ఫోన్ చెయ్యి" అని బస్టాండుకి నడిచాను. కారు కదపొద్దని చెప్పడానికైనా నాకు ఫోన్ చేసే ధైర్యం లేకపోయింది.

ఒంగోల్లో దిగి ఆసుపత్రికి వెళ్ళేసరికి నాలుగైంది. కొండమ్మగారు వరండాలో పసిదాని గుడ్డలు ఉతికి ఆరేస్తున్నారు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"కారు తియ్యొద్దని అనీస్ ఫోన్ చేశాడు. ఏమైందిరా?" అన్నారాయన.

నిలబడే చెప్పాను. "అందులో సంచి లేదు మాస్టారూ. నేను పత్తి పెట్టి కుట్టాను. లైటు ఆరలేదు. కనపడకుండా ముక్క అంటించాను."

మాస్టారు లేచారు. బళ్ళో ఎన్నోసార్లు నన్ను కొట్టిన చెయ్యి పైకి లేచింది. దెబ్బ పడాలనే కోరుకున్నాను. ఆయన ఆ చేత్తో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

కొండమ్మగారు చేతిలో తడిగుడ్డతో అలాగే నిలబడ్డారు. "రాత్రి మహిమ వెనక పడుకుని ఉంది. నేను ముందు కూర్చున్నాను. ఎదురుగా లారీలు వస్తున్నాయి. నేను వాటిని చూస్తూనే కూర్చున్నాను" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత నా వంక తిరిగారు. "ఎందుకు చేశావు సుభానీ? నీకేం తక్కువ చేశాం?"

దారంతా బస్సులో ఆ ప్రశ్నకి రకరకాల జవాబులు కట్టుకున్నాను. మహిమ కోసమని, మీకు ఆలస్యమవుతుందని, నాకు తెలియక అని. ఒక్కటీ నోటికి రాలేదు.

"అనీస్ కంటే ముందు చెయ్యాలని చేశానమ్మగారూ. వాడి తల మీద మీరు చెయ్యి పెట్టారు. ఓర్చుకోలేకపోయాను."

ఆవిడ తడిగుడ్డని మళ్ళీ పిండారు. లోపల పసిపిల్ల ఏడుస్తోంది.

"నాలుగేళ్ళ తర్వాత ఈ వారమే నేను భయం లేకుండా కూర్చున్నాను. అది కూడా తీసుకుపోయావు" అని గుడ్డ దండెం మీద వేసి లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున కారుని చిలకలూరిపేటకి తేవాలి. వెనక కూర్చోబోతే మాస్టారు ముందు తలుపు తీసి చూపించారు. "కూర్చో. నీ సీటే." కూర్చున్నాను. బెల్టు పెట్టుకోమని ఆయన అనలేదు, నేను అడక్కుండా పెట్టుకున్నాను. ఒంగోలు దాటాక మిరప లారీలు మొదలయ్యాయి. ఒక్కొక్కటి ఎదురొచ్చినప్పుడల్లా నా కాళ్ళు రెండూ కింద రేకుని తన్నిపట్టుకునేవి. నా ముందు నేను కుట్టిన కుట్టు, ఎక్కడా ఒక్క ముడత లేదు. మార్టూరు వచ్చినప్పుడు మాస్టారు కారు నెమ్మది చేశారు. రోడ్డు పక్కన ఒక చోటుకి చూసి మళ్ళీ చూపు ముందుకి తిప్పుకున్నారు.

అనీస్‌కి పనంతా ఒక పూట పట్టింది. బ్యాటరీ వైర్లు తీసేసి, పేలకుండా అరగంట ఆగి, అప్పుడు మొదలుపెట్టాడు. నేను కుట్టిన రెక్సిన్ కోసి తీసేటప్పుడు నా వంక చూసి, "కుట్టు మాత్రం భలే కుట్టావు బావా" అన్నాడు. వెక్కిరించాడేమోనని చూశాను. వెక్కిరించలేదు. పత్తి అంతా ఒక గంపలోకి తీసి పక్కన పెట్టాడు. కొత్త సంచి అమర్చాడు, పెట్టె మార్చాడు, మీటరు విప్పి రెక్సిన్ ముక్క గోటితో గీకేశాడు. తాళం తిప్పితే ఎర్రలైటు వెలిగింది. అయిదారు లెక్కపెట్టేలోగా దానంతటదే ఆరిపోయింది. "అలాగే వెలిగి ఆరాలి మాస్టారూ. తిప్పగానే వెలగకపోయినా తప్పే, ఆరకపోయినా తప్పే" అన్నాడు.

సాయంకాలం కొండమ్మగారు వచ్చారు, బస్సు దిగి నడిచి. కళ్ళతో చూస్తే గానీ కూర్చోనని మాస్టారికి ఫోన్లో చెప్పారట. మహిమనీ పిల్లనీ రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు, తీసుకురావాలి. సఫూరా మంచినీళ్ళు ఇస్తే తాగి కారు దగ్గరికి వచ్చారు. అనీస్ మూత చూపించాడు, లైటు చూపించాడు, స్కానర్ తగిలించి అందులో తప్పులేవీ లేవని చూపించాడు. పసిపిల్లని మాత్రం ఎప్పుడూ వెనక సీట్లోనే పట్టుకోవాలని, ముందు కూర్చున్నవాళ్ళు బెల్టు తప్పకుండా పెట్టుకోవాలని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ అన్నీ విన్నారు. వేలితో డాష్‌బోర్డుని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మొన్న కూడా లైటు లేదు" అన్నారు.

"ఇది వేరమ్మా" అన్నాడు అనీస్.

"మొన్న సుభానీ కూడా అలాగే అన్నాడు నాయనా. నీ మీద అనుమానం కాదు. మీరు చెప్పేది నాకు అర్థమయ్యేది కాదు. ఎవరు ఏం చెప్పినా నేను నమ్మాల్సిందే కదా. ఎవర్ని నమ్మను?"

మాస్టారు నచ్చజెప్పబోయారు. ఆవిడ వినలేదు. ఇంక బస్సులోనే వెళ్దామన్నారు. పిల్లని కూడా బస్సులోనే తెచ్చుకుందామన్నారు. అనీస్ ఏం చెప్పాలో తెలియక స్కానర్ వైరు చుడుతూ నిలబడ్డాడు. వాడు అలా తెల్లబోవడం నేను మొదటిసారి చూశాను. చూడాలని నెలన్నరగా ఎదురుచూసింది అదే. చూశాక ఏమీ బాగోలేదు.

నేను దూరంగా, షెడ్డు గుంజ దగ్గర నిలబడి ఉన్నాను. ఆవిడ వెళ్ళబోతూ ఆగి, నా వైపు వచ్చారు.

"నువ్వు చెప్పు" అన్నారు.

"నేనా అమ్మగారూ?"

"నువ్వే. నీ తప్పు నువ్వే ఒంగోలు దాకా వచ్చి చెప్పావు. ఎవరూ చెప్పకపోయినా చెప్పావు. ఆ కుర్రాడి పని బాగుంటే బాగుందని చెప్పడం నీకెంత కష్టమో నాకు తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నాను. వాడు చేసింది బాగుందా?"

సఫూరా ఖాళీ గ్లాసు పట్టుకుని వింటోంది. అనీస్ తల వంచుకున్నాడు. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది, వాళ్ళూ వింటున్నారు. నా కడుపులో మంట ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

"పొద్దున్నించి పక్కనే నిలబడి చూశానమ్మగారూ. తప్పు దొరికితే బాగుండునని వెతికాను, దొరకలేదు" అన్నాను. "నాకంటే బాగా చేశాడు. మీరు కూర్చోండి."

కొండమ్మగారు నా ముఖంలోకి ఇంకాసేపు చూశారు. తర్వాత వెళ్ళి ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకున్నారు.